పుకారు కంటే ముందు మీ మాట గడప చేరాలి: రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, ముఖ్య కార్యదర్శులకు, ప్రజారోగ్య సంచాలకులకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

నేను నెల్లూరు జిల్లాలో ఏఎన్ఎంగా ఉద్యోగంలో చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసినదాన్ని. కొవిడ్ మొదటి విడతలోనూ, రెండో విడతలోనూ విధుల్లో ఉన్నాను. ఆ రెండేళ్లూ వైరస్ ఊళ్లలో చేసిన చేటుతో పాటు, దానికంటే ముందే వచ్చి, అది తగ్గాక కూడా పోకుండా నిలిచిన తప్పుడు ప్రచారం చేసిన చేటును దగ్గర నుంచి చూశాను. ఈ లేఖ ఆ రెండో చేటు గురించి, మళ్లీ అటువంటి రోజులు వస్తే మీ శాఖ ఏం చేయాలన్నదాని గురించి.

కొవిడ్ సద్దుమణిగి ఇన్నాళ్లయ్యాక ఇప్పుడెందుకని మీకు అనిపించవచ్చు. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీ అనే పేరు టీవీల్లో వినబడగానే, చైనాలో మరో కొత్త మహమ్మారి పుట్టిందనీ, మళ్లీ లాక్‌డౌన్ తప్పదనీ సందేశాలు ఒక్క పూటలో ఊళ్లన్నీ చుట్టేశాయి. నిజానికి ఆ వైరస్‌ను 2001లోనే నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గుర్తించారు. మన దేశంలో కూడా అది కొత్తది కాదు. ఆ మరుసటి నెలలోనే ఉభయ గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు, బాగా ఉడికించిన మాంసంతో, గుడ్లతో భయం లేదని అధికారులు చెబుతూనే ఉన్నా, ఆ జిల్లాలతో సంబంధం లేని ఊళ్లలో సైతం జనం కోడి దుకాణాల వైపు చూడడం మానేశారు. అంటే 2020లో మనం పడ్డ పాట్లు మనకు నేర్పవలసినది ఇంకా నేర్పలేదు. పరీక్ష కిట్లు, ఆక్సిజన్ ప్లాంట్లు, పడకలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకున్నట్టుగా, వదంతి పుట్టిన రోజున ఎవరు, ఏ గంటకు, ఏ మాటలతో జవాబు చెబుతారో కూడా ముందే రాసిపెట్టుకోవాలని కోరడానికే ఇప్పుడు రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లో కొవిడ్ తొలి కేసు 2020 మార్చి 12న మా నెల్లూరులోనే బయటపడింది. అంతకు దాదాపు నెల ముందు, ఫిబ్రవరిలో, చిత్తూరు జిల్లాలో ఒక నడివయసు మనిషి తనకు కరోనా వచ్చిందని నమ్మి, తన వల్ల ఇంటిల్లిపాదికీ సోకుతుందని భయపడి, ఎవరినీ దగ్గరకు రానీయకుండా ఉండి, చివరకు ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు కరోనా లేదు. ఫోన్‌లో వరసగా చూసిన వీడియోలే ఆయనను ఆ స్థితికి తెచ్చాయి. రాష్ట్రంలో ఒక్క కేసు కూడా లేని రోజుల్లోనే వదంతి ఒక ప్రాణం తీసిందన్న ఈ వాస్తవాన్ని మీ శిక్షణ తరగతుల్లో మొదటి పాఠంగా చెప్పాలని నా విన్నపం.

ఏప్రిల్‌లో అదే జిల్లాలో, టిక్‌టాక్‌లో చూసిన వీడియోను నమ్మి ఉమ్మెత్తను నూరి తాగినవాళ్లు పదిమంది దాకా ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో మేకలు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. తెలిసినవాళ్లు ఎందుకు తాగారని పట్నాల్లో చాలామంది నవ్వారు, వెటకారంగా రాశారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒళ్లంతా ముళ్లతో ఉండే ఉమ్మెత్త కాయ టీవీలో పగలూ రాత్రీ చూపిస్తున్న వైరస్ బొమ్మలాగే ఉంటుంది. ముల్లును ముల్లుతోనే తీయాలనే తర్కం మన మనసుల్లో ఎప్పటి నుంచో ఉంది. పైగా అప్పటికి లాక్‌డౌన్ వచ్చి బస్సులు లేవు, చేతిలో పని లేదు, ఈ జబ్బుకు మందు లేదని ప్రభుత్వాలే చెబుతున్నాయి. మందు లేదని చెప్పి ఊరుకున్నచోట ఏదో ఒక మందు పుట్టుకొస్తుంది. మందు లేకపోయినా చేయగలిగినది ఏమిటో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో, ఎప్పుడు ఇంట్లోనే ఉండి నయం చేసుకోవచ్చో వాళ్ల గుమ్మంలో నిలబడి చెప్పిన మనిషి ఉంటే, ఆ కుటుంబాలు ఆ కాయ జోలికి వెళ్లేవి కావని నా నమ్మకం.

వదంతిని చదువు లేనివాళ్ల జబ్బుగా చూడడం మీ శాఖలో చాలా మందికి అలవాటు, నాతో పనిచేసిన వైద్యులకు కూడా ఉండేది. ఆ అలవాటును వదులుకోవాలి. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూకు ముందు, వైరస్ పన్నెండు గంటలే బతుకుతుంది కాబట్టి పద్నాలుగు గంటలు ఇంట్లో ఉంటే గొలుసు తెగిపోతుందనీ, చప్పట్ల శబ్దానికి వైరస్ చస్తుందనీ వచ్చిన సందేశాలను నాకు పంపినవాళ్లలో ఉపాధ్యాయులు, ఇంజనీర్లు, విదేశాల్లో ఉన్న బంధువులు ఉన్నారు. హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్‌లో లేగదూడ రక్తం కలుపుతారని 2021 జూన్‌లో వచ్చిన ప్రచారాన్ని ఇంగ్లీషు పత్రాలు జతచేసి మరీ పంచినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే. కణాలను పెంచే దశలో దూడ సీరం, అంటే రక్తం నుంచి వేరుచేసిన ద్రవం, వాడతారు, ఆ తరువాత ఆ కణాలను పలుమార్లు కడిగివేస్తారు, చివరకు సూదిలోకి వచ్చే టీకాలో ఆ సీరం ఉండదు. కేంద్ర ఆరోగ్య శాఖ ఈ వివరణ ఇచ్చింది. ఆ వివరణ మా ఉపకేంద్రానికి తెలుగులో, పది వాక్యాల్లో, మేము చదివి వినిపించగలిగే రూపంలో రాలేదు. మా ఆశా కార్యకర్తలు గుమ్మం గుమ్మానికీ వెళ్లి ఆ ప్రశ్నకు తమకు తోచిన జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పకపోతే ఈ లేఖ నిజాయితీగా ఉండదు. 2020 మార్చిలో రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ, ఒకరు శాసనసభలో, మరొకరు విలేకరుల సమావేశంలో, పారాసెటమాల్ మాత్రతో సరిపోయే జబ్బన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. జనాన్ని బెదరగొట్టకూడదన్నదే వాళ్ల ఉద్దేశం కావచ్చు. జ్వరానికి పారాసెటమాల్ వేసుకోవడంలో తప్పు కూడా లేదు. అయితే పెద్ద కుర్చీలో ఉన్నవారి నోటి నుంచి వచ్చిన మాటను వదంతి తన భుజం మీద వేసుకుని తిరుగుతుంది. ఆ తరువాత చాలా నెలల పాటు, మాత్ర వేసుకున్నాం కదా అని జ్వరంతోనే పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లను మేము ఆపబోతే, పెద్దసారే చెప్పారు కదమ్మా అని మాకే తిరిగి చెప్పారు. కాబట్టి తదుపరి విపత్తులో మీడియా ముందు నిలబడే ప్రతి నాయకుడి పక్కన ప్రజారోగ్యం తెలిసిన వైద్యుడు ఉండాలనీ, జబ్బు గురించిన ప్రశ్నకు ఆ వైద్యుడే జవాబివ్వాలనీ ఒక నియమం పెట్టండి.

అదే కాలంలో ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ల రైతులు కుదేలైపోయినప్పుడు, 2020 ఫిబ్రవరి చివరిలో హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదిక మీద అందరూ చూస్తుండగా కోడికూర తిన్నారు. ప్రకటన చదవడం వేరు, కళ్లెదుట చేసి చూపడం వేరు. ఆ చొరవను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే కొన్ని వారాలు గడిచాక, కొవిడ్ వార్డుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు జబ్బు మోసుకొస్తారని హైదరాబాదులోనూ వరంగల్‌లోనూ అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నప్పుడు, అంతటి చొరవతో ఏ మంత్రీ ఒక నర్సును వెంటబెట్టుకుని ఆమె వీధికి వెళ్లి, ఇంటి యజమానితో కలిసి టీ తాగి చూపలేదు. నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కొవిడ్‌తో చనిపోతే, దహనం చేస్తే గాలి ద్వారా జబ్బు వ్యాపిస్తుందన్న భయంతో అక్కడి శ్మశానం దగ్గర స్థానికులు అడ్డుపడ్డారు. బతికినన్నాళ్లూ రోగుల చేయి పట్టుకున్న మనిషికి చివరి మజిలీ దొరకకపోవడం మా జిల్లాలో వైద్య వృత్తిలో ఉన్న అందరినీ కలచివేసింది. ఆ నెల 22న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి వైద్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల దాకా శిక్ష పెట్టింది. చట్టం చేతిని ఆపగలదు గానీ, మూసుకున్న తలుపును తెరిపించలేదు.

మతం పేరుతో వచ్చిన వదంతులను విడిగా ప్రస్తావించాలి, ఎందుకంటే అవి జబ్బు తగ్గాక కూడా తగ్గలేదు. ఢిల్లీ మర్కజ్‌లో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మతప్రచార సంస్థ జరిపిన సమావేశం నుంచి వచ్చినవాళ్లలో కేసులు బయటపడిన తరువాత, 2020 ఏప్రిల్‌లో, ఒక ముస్లిం పండ్ల వ్యాపారి పండ్లకు ఉమ్మి రాస్తున్నాడంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది మధ్యప్రదేశ్‌లోని రాయిసేన్‌లో ఫిబ్రవరి మధ్యలో తీసినదనీ, కరోనా వ్యాప్తికీ దానికీ సంబంధం లేదనీ తేలింది. తేలేసరికి మా పక్క ఊళ్లో ఏళ్ల తరబడి తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్మే మనిషిని వీధిలోకి రానీయడం మానేశారు. ఇంటింటి సర్వేకు వెళ్లిన మా ఆశా కార్యకర్తను మసీదు వీధిలో పేర్లెందుకు రాసుకుంటున్నారని నిలదీశారు. వాళ్ల భయానికి కారణం ఉంది, ఆమె కన్నీళ్లకూ కారణం ఉంది. విదేశాల నుంచి వచ్చిన తబ్లిగీ సభ్యుల మీద పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారన్న మాట రాసింది. ఆ తీర్పు మా ఊళ్ల గ్రూపుల్లో తిరగలేదు. ఒక కులాన్నో మతాన్నో జబ్బుతో ముడిపెట్టే మాట ఎక్కడ వినబడినా, కలెక్టరూ, జిల్లా వైద్యాధికారీ, ఎస్పీ ముగ్గురూ ఆ రోజే ఒకే వేదిక మీద ఖండించాలి. మరునాటికి వాయిదా వేస్తే ఆ మాట సర్వే పుస్తకం పట్టుకున్న మా అమ్మాయిల ప్రాణాల మీదకు వస్తుంది.

2021 ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి పరిస్థితి మరీ విషమించింది. పడకలు లేవు, ఆక్సిజన్ లేదు, రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ల కోసం జనం తాళిబొట్లు తాకట్టు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో కర్పూరం, వాము, లవంగాలు గుడ్డలో మూటకట్టి వాసన చూస్తే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుందన్న సందేశం చేరని ఇల్లు లేదు. ఒక సాయంత్రం ఆశా కార్యకర్త ఫోన్ చేసి రమ్మంటే వెళ్లాను. పంచలో నులకమంచం మీద యాభై ఏళ్ల మనిషి, పక్కన కూతురు, ఆ పిల్ల చేతిలో పసుపు గుడ్డ మూట. ఆక్సీమీటర్ వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం 88 చూపించింది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకురావాలని మేము కరపత్రాలు పంచాం, ఆ కరపత్రం వాళ్ల గోడకు అంటించి కూడా ఉంది. "పొద్దున్నుంచి వాసన చూపిస్తానే ఉండాం మేడం, తేటగానే ఉండాడు" అని ఆ పిల్ల అంది. ఆయన నిజంగానే తేటగా మాట్లాడుతున్నాడు. ఆక్సిజన్ పడిపోతున్నా ఆయాసం తెలియకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. కర్పూరం వాసన ముక్కులో చల్లగా తగిలి ఊపిరి సాఫీగా ఆడుతున్న భ్రమ కలిగిస్తుంది తప్ప రక్తంలోకి ఒక్క చుక్క ఆక్సిజన్‌ను కూడా అదనంగా చేర్చదు. ఆ మూట చేసిన హాని మూటలో లేదు, దాన్ని పట్టుకుని కూర్చున్న పగటిపూటలో ఉంది. ఆయన చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి బతికి వచ్చాడు. అదే వీధిలో ఇంకొకరు రాలేదు.

ఆ ఇంట్లో నేను గమనించిన విషయం మీకు చెప్పాలి. మా కరపత్రంలో అక్షరాలు చిన్నవి, మాటలు ఆఫీసు మాటలు, కింద ఎవరి పేరూ లేదు. కర్పూరం సందేశం మాత్రం ఒక ఆడమనిషి గొంతులో, మన యాసలో, "అమ్మా, అక్కా, నా మాట వినండి, మా ఆయన్ని ఇట్లాగే బతికించుకున్నాను" అని వచ్చింది. ఏది మనసుకు తగులుతుందో చెప్పనక్కరలేదు. వాట్సాప్ సంస్థ 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా కట్టడి పెట్టింది, దానివల్ల అటువంటి సందేశాల ప్రవాహం బాగా తగ్గిందని కూడా ప్రకటించింది. మంచిదే. అయినా కన్నతల్లి కోసం ఒక్కొక్కరికే విడివిడిగా పంపే ఓపిక ఉన్నవాళ్లను ఆ కట్టడి ఆపలేదు. ఈ సందేశాలను పంపేవాళ్లలో నూటికి తొంభై మంది దుర్మార్గులు కారు, తమవాళ్లను కాపాడుకోవాలని ఆరాటపడేవాళ్లే.

కృష్ణపట్నం గురించి రాయకుండా మా జిల్లా మనిషి ఈ విషయం మీద లేఖ రాయడం కుదరదు. 2021 మే నెలలో ముత్తుకూరు మండలంలోని ఆ ఊరికి, నాటువైద్యుడు ఆనందయ్య గారు కరోనాకని ఉచితంగా ఇస్తున్న మందు కోసం పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం పోటెత్తారు. రోగులు, రోగుల బంధువులు, జబ్బు రాకుండా ముందుజాగ్రత్తగా వచ్చినవాళ్లు, అందరూ ఒకే వరుసలో, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. అంబులెన్సులు కూడా వచ్చాయి. కంట్లో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో ఊరూవాడా తిరిగింది. ఆ పెద్దాయన ఆ నెలాఖరులో నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. మొదటి వీడియో చూసినవాళ్లలో రెండో వార్త చేరనివాళ్లు నాకు ఈనాటికీ కనిపిస్తూనే ఉన్నారు.

ఆ వరుసలో నిలబడ్డవాళ్లను నేను నిందించను, ఆనందయ్య గారి ఉద్దేశాన్ని శంకించను. కార్పొరేట్ ఆసుపత్రి గేటు దగ్గర లక్షలు కట్టమంటున్న రోజుల్లో, పైసా తీసుకోకుండా, తలమీద చేయి పెట్టి మాట్లాడే మనిషి దగ్గరకు జనం పోక ఎక్కడికి పోతారు? నా అభ్యంతరం ప్రభుత్వం మాట్లాడిన తీరు మీద. ఒకరోజు ఆపారు, మరొకరోజు ఆయుష్ అధికారులు హానికరమైనవి ఏమీ లేవన్నారు, ఆయుర్వేద మందు అనలేమన్నారు, మే 31న కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చారు. హాని లేదని చెప్పడానికీ, పనిచేస్తుందని చెప్పడానికీ మధ్య ఉన్న తేడా మీకూ నాకూ తెలుసు; వరుసలో ఉన్న మనిషికి ఆ తేడా ఎవరూ విప్పి చెప్పలేదు. ప్రభుత్వమే ఒప్పుకుందంట అన్న ఒక్క మాటే ఊళ్లకు చేరింది. ఆ వారంలో మా కేంద్రానికి పరీక్షకు రావలసినవాళ్లు కొందరు, మందు తెచ్చుకున్నాం కదా అని రావడమే మానేశారు. ఈ మందు పనిచేస్తుందో లేదో ఇంకా పరీక్షించలేదు, పరీక్షకు ఇంతకాలం పడుతుంది, ఈలోగా మందు తీసుకున్నా సరే ఆక్సీమీటర్ చూసుకోవడం మానవద్దు, 94 దిగితే ఆసుపత్రికి రావాలి అని నాలుగు ముక్కలు కలెక్టరు గారి గొంతులో రికార్డు చేసి పంపి ఉంటే, నమ్మకాన్ని గాయపరచకుండానే ప్రాణాలు కాపాడగలిగేవాళ్లం.

అదే మే నెలలో కర్నూలులో పుట్టిన ఎన్440కె అనే కరోనా వైరస్ రకం అన్నిటికంటే ప్రాణాంతకమని, దానికి ఏపీ స్ట్రెయిన్ అని పేరుపెట్టి పెద్ద ప్రచారం జరిగింది. ప్రయోగశాలలో కణాల మీద చూసిన ఒక ఫలితం చిలవలు పలవలు వేసుకుని అంతదాకా వచ్చింది. ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు స్పష్టంగానే చెప్పారు. ఆ వ్యవహారం రాజకీయ విమర్శలకూ పోలీసు కేసులకూ దారితీసి, శాస్త్రవేత్తల మాట ఆ రణగొణలో కలిసిపోయింది.

కేసుల సంగతికి వచ్చాను కాబట్టి చెబుతాను. 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం విపత్తు గురించి తప్పుడు భయాలు పుట్టించినవారికి ఏడాది దాకా జైలు శిక్ష వేయవచ్చు. నకిలీ మందు అమ్మి సొమ్ము చేసుకున్నవాడి మీద, ఒక వర్గం మీద విషం చిమ్మినవాడి మీద దాన్ని వాడండి, నేను కాదనను. అయితే ఆక్సిజన్ లేదు, పడక లేదు అని మొరపెట్టుకున్న మనిషి మీద పుకారు ముద్ర వేసి బెదిరించే పని ఏ అధికారీ చేయకూడదు. 2021 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, సామాజిక మాధ్యమాల్లో సాయం కోరిన పౌరుల మీద చర్య తీసుకుంటే కోర్టు ధిక్కారంగా చూస్తామని హెచ్చరించింది. నిజం చెప్పినవాడిని వదంతికారుడని పిలిచిన రోజున, అసలు వదంతిని ఖండించే అర్హతను ప్రభుత్వం పోగొట్టుకుంటుంది.

అంకెల విషయంలో జరిగింది సరిగ్గా అదే. 2020లో పరీక్షలు తక్కువగా చేయడాన్ని, బులెటిన్‌లో పూర్తి వివరాలు ఇవ్వకపోవడాన్ని తెలంగాణ హైకోర్టు పదేపదే తప్పుపట్టింది. మా వైపు కూడా శ్మశానంలో లేస్తున్న చితులకూ సాయంత్రం బులెటిన్‌లో కనిపించే సంఖ్యకూ పొంతన కుదరని రోజులు ఉన్నాయి. ఊరి మనిషి తన కళ్లతో చూసినదానికీ మీరు చెప్పినదానికీ తేడా కనిపెట్టిన మరుక్షణం నుంచి, టీకా గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా నమ్మడం మానేస్తాడు. అందుకని మండలాల వారీగా కేసులు, మరణాలు, ఖాళీ పడకలు, చేసిన పరీక్షలు ప్రతి సాయంత్రం ఒకే సమయానికి తెలుగులో, ఉన్నది ఉన్నట్టుగా ప్రకటించాలి. తెలియని సంగతి ఉంటే ఇంకా తెలియదు, ఫలానా తేదీకి చెబుతాం అని చెప్పాలి, ఆ తేదీకి చెప్పాలి.

ఎలా చేయవచ్చో మన దగ్గరే చూపినవారున్నారు. 2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లతో తెలంగాణలో అమాయకులను కొట్టి చంపిన రోజుల్లో, జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక్కొక్క పోలీసుకు కొన్ని ఊళ్లు అప్పగించి, ఇంటింటికీ పంపి, డప్పు కొట్టించి, జానపద కళాకారుల చేత పాటలు పాడించి, ఊరి గ్రూపుల్లోకి తన సిబ్బందిని చేర్పించారు. ఆ ఊళ్లలో పుకారు ప్రాణం తీయలేదు. పోలియో విషయంలోనూ అంతే. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరన్న వదంతి ఉత్తరప్రదేశ్‌ను ఏళ్ల తరబడి వేధించింది. మత పెద్దలను, ఆ వీధి ఆడవాళ్లనే కార్యకర్తలుగా తీసుకుని ఇంటింటికీ తిరిగాక మాత్రమే అది లొంగింది. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ (వైల్డ్ వైరస్) వల్ల వచ్చిన కేసు లేదు.

2021లో మా పరిధిలోని ఒక యానాదుల కాలనీలో టీకా బండి కనబడితే చాలు మనుషులు చెరువు కట్ట దాటి వెళ్లిపోయేవాళ్లు. సూది వేసుకుంటే రెండేళ్లలో చస్తారని ఎవరో చెప్పారు. ఇక్కడ కూడా మైకులు పనిచేయలేదు, రేషన్ ఆపుతామని ఎవరో అన్న బెదిరింపు ఇంకా చెడగొట్టింది. ఆ కాలనీ ఆడపిల్లే ఒకామె ఆశా కార్యకర్తగా ఉంది. ఆమె అందరి ముందూ సూది వేయించుకుని, ఆ రాత్రి జ్వరం వస్తే దాచకుండా చెప్పి, ఇది ఒకరోజు ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పిందని వివరించి, మరునాడు చేపల వేటకు వాళ్లతోనే వెళ్లింది. జ్వరం వస్తుందన్న సంగతి ముందే చెప్పడం వల్ల వచ్చిన నమ్మకం, ఏమీ కాదన్న హామీ వల్ల వచ్చేది కాదు. ఆ వారంలోనే పెద్దవాళ్లు ఒక్కొక్కరుగా రావడం మొదలుపెట్టారు.

అందువల్ల నా ముఖ్యమైన కోరిక ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల గురించే. ఆ రెండేళ్లూ కొత్త ఉత్తర్వు ఏమిటో వాళ్లకు టీవీ స్క్రోలింగ్ ద్వారా, ఊరివాళ్లతో పాటే తెలిసేది. ఊరు ప్రశ్న అడిగేసరికి జవాబు వాళ్ల చేతిలో ఉండేది కాదు. ఏ నిర్ణయమైనా, ఏ వివరణైనా విలేకరులకు చెప్పడానికి ఒక గంట ముందు వాళ్లకు చేరాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి రోజూ ఉదయం తన పేరు చెప్పి, తన గొంతుతో, ఒకటి రెండు నిమిషాల సందేశం ఆ ప్రాంత యాసలో రికార్డు చేసి వాళ్లకు పంపాలి. తండాలకు లంబాడీలో, గూడేలకు గోండీలో, కోయలో, పాతబస్తీకి ఉర్దూలో అదే సందేశం వెళ్లాలి. ఉపకేంద్రంలో టీకాల రిజిస్టరు పక్కనే ఇంకొక పుస్తకం పెట్టించండి. ఆ రోజు ఊళ్లో విన్న ప్రతి పుకారును, ఎవరన్నారన్న పేరు రాయకుండా, విన్నది విన్నట్టు అందులో రాసి సాయంత్రానికి జిల్లాకు పంపే ఏర్పాటు చేయండి. జిల్లాలో దానికి ఒక వైద్యుడిని, ఒక తెలుగు బాగా రాయగల మనిషిని నియమించి, మరునాటి ఉదయం సందేశంలో జవాబు వచ్చేలా చూడండి. 104కు ఫోన్ చేసినవాళ్లు అడిగే ప్రశ్నలనూ ఆ లెక్కలో కలపండి. ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. ఆశా కార్యకర్తల ఫోన్ రీఛార్జ్ డబ్బును మాత్రం వాళ్ల జేబు నుంచి పెట్టించకండి.

మహమ్మారి వచ్చాక ఈ ఏర్పాటు మొదలుపెడితే ఎవరూ వినరు. ఈ వర్షాకాలంలో డెంగీ జ్వరాలు మొదలవుతాయి, ప్లేట్‌లెట్లు పెరగడానికి ఏవేవో ఆకు పసర్లు తాగమన్న సందేశాలు వాటి వెంటే వస్తాయి. రెండు రాష్ట్రాల్లో చెరొక జిల్లాను ఎంచుకుని, ఈ డెంగీ కాలంలోనే ఆ పుస్తకాన్ని, ఉదయం సందేశాన్ని నడిపి చూడండి. ఏ పుకారు ఏ మండలంలో పుట్టింది, జవాబు ఎన్ని గంటలకు చేరింది, చేరాక ఎంతమంది ఆసుపత్రికి సమయానికి వచ్చారు అన్న వివరాలతో ఒక నివేదికను సంక్రాంతిలోపు తెలుగులో ప్రజల ముందు పెట్టవలసిందిగా కోరుతున్నాను. ఆ జిల్లాల్లో ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇవ్వడానికి నాలాంటి విశ్రాంత ఉద్యోగులను పిలిస్తే, జీతం అడగకుండా వచ్చి పనిచేస్తాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
నెల్లూరు జిల్లా